ఏఎన్-32 విమానాల విరమణకు తేదీ చెప్పండి: రక్షణ మంత్రి గారికి హనుమకొండ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,

నమస్కారములతో రాయునది.

మన వైమానిక దళంలో నలభై ఏళ్లుగా సైనికులనూ సరుకులనూ మోస్తున్న ఏఎన్-32 రవాణా విమానాలను ఏ సంవత్సరానికల్లా పూర్తిగా విరమింపజేస్తారో, వాటి స్థానంలోకి ఏవి ఎప్పుడు వస్తాయో దేశానికి స్పష్టంగా ప్రకటించి, అందుకు తగిన కొనుగోలు ఒప్పందాలపై ఇక ఆలస్యం లేకుండా సంతకాలు చేయించవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమాన దేహానికి మరమ్మతులు చేసే సాంకేతికుడిగా పనిచేసి, సర్వీసులో ఎక్కువ భాగం ఈ విమానాల హ్యాంగర్లలోనే గడిపి, పదవీ విరమణ తరువాత హనుమకొండలో స్థిరపడినవాణ్ణి. యుద్ధ విమానాల గురించి అడిగేవారు దేశంలో చాలామంది ఉన్నారు. రఫేల్ దిగిన రోజున ఊరూరా టీవీల ముందు కూర్చుని చూశారు, తేజస్ ఆలస్యమైతే పత్రికలు నిలదీస్తున్నాయి. రవాణా విమానం గురించి ఆ స్థాయిలో అడిగేవారు లేరు. అందువల్లనే దాని ఫైలు ఎప్పుడూ అడుగున పడిపోతోందని నా అభిప్రాయం.

ఏఎన్-32 మన కోసమే పుట్టిన విమానం. వేడిలోనూ, ఎత్తైన కొండల మీదా లేవగల విమానం కావాలని భారతదేశం అడిగితే, నేటి ఉక్రెయిన్‌లోని కీవ్ నగరపు ఆంటొనోవ్ సంస్థ తన పాత ఏఎన్-26 ఆకృతికి మరింత శక్తిగల ఇంజన్లు అమర్చి దీన్ని రూపొందించింది. 1984 నుంచి మన దళంలో చేరాయి, వందకు పైగా వచ్చాయి. ఒక్కొక్కటి సుమారు ఆరున్నర టన్నుల బరువు మోస్తుంది. 2008 మే 31న లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో, పదహారు వేల అడుగులకు పైబడిన ఎత్తున, నలభై మూడేళ్ల తరువాత మళ్లీ దిగిన మొదటి రవాణా విమానం ఇదే. దాని మీద చేయి వేసి పనిచేసిన నాకు ఆ విమానమంటే గౌరవం తగ్గలేదు. ఆ గౌరవంతోనే చెబుతున్నాను, దానికి ఇక సెలవు ఇవ్వవలసిన సమయం వచ్చింది.

ఈ విమానాల ఆయుష్షును మొదట ఇరవై ఐదేళ్లుగా లెక్కగట్టి, తరువాత ఆధునికీకరణతో నలభై ఏళ్లకు పెంచారు. అందుకోసం 2009లో ఉక్రెయిన్‌తో ఒప్పందం కుదిరింది. వందకు పైగా విమానాల్లో నలభైని అక్కడికి పంపి, మిగిలినవాటిని కాన్పూర్‌లోని మన బేస్ రిపేర్ డిపోలో ఆధునికీకరించాలన్నది ప్రణాళిక. 2014లో క్రిమియా సంక్షోభం వచ్చి విడిభాగాల సరఫరా దెబ్బతిన్నది, కాన్పూర్ పని నెమ్మదించింది. 2022 ఫిబ్రవరి నుంచి ఉక్రెయిన్ యుద్ధంలోనే ఉంది. ఈ విమానాల ఏఐ-20 ఇంజన్లకు ఆధారమైన మోటార్ సిచ్ కర్మాగారం ఉన్నది జపొరీజ్జియాలో, అంటే యుద్ధ రంగానికి కూతవేటు దూరంలో. 1984లో తొలిసారి వచ్చిన విమానాలకు నలభై ఏళ్ల గడువు 2024తోనే నిండింది. పుట్టినింటి నుంచి విడిభాగాలు వచ్చే దారి మూసుకుపోయిన విమానాన్ని మన మెకానిక్కులు ఎంత నేర్పుతోనైనా ఎన్నాళ్లు ఎగరేయగలరు?

హ్యాంగర్‌లో దీని అర్థం ఏమిటో బయటివారికి తెలియదు కనుక చెబుతాను. స్టోర్స్‌లో పార్టు లేకపోతే, నేల మీద నిలిచి ఉన్న ఒక విమానం నుంచి ఆ పార్టు విప్పి, రేపు ఎగరవలసిన విమానానికి బిగిస్తారు. మేము దీన్ని క్యానిబలైజ్ చేయడం అనేవాళ్లం. ఒక్క పనికి రెండు పనులు అవుతాయి, రెండు విమానాల రికార్డులు మార్చాలి, విప్పిన ప్రతిసారీ పార్టు మీద అరుగుదల పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పార్టు ఇచ్చిన విమానం మళ్లీ లేవడానికి నెలలు పడుతుంది. కాగితం మీద వంద విమానాలున్న దళంలో ఒక ఉదయాన నిజంగా ఎన్ని లేస్తాయన్నదే అసలైన లెక్క. ఆ లెక్కను నిర్ణయించేది ఈ స్టోర్స్ అల్మారాలే.

ప్రమాదాల సంగతి బాధతో ప్రస్తావిస్తున్నాను. 2009 జూన్‌లో అరుణాచల్ ప్రదేశ్‌లోని మెచుకా ప్రాంతంలో ఏఎన్-32 కూలి పదమూడు మంది మరణించారు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన విమానం ఇరవై తొమ్మిది మందితో బంగాళాఖాతంలో అదృశ్యమైంది. అందులో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. సముద్రంలో దాదాపు 3,400 మీటర్ల లోతున శకలాలు దొరికాయన్న వార్త ఆ కుటుంబాలకు చేరింది 2024 జనవరిలో, అంటే ఏడేళ్లు దాటిన తరువాత. 2019 జూన్ 3న జోర్హాట్ నుంచి మెచుకాకు వెళుతున్న మరో విమానం కొండను తాకి పదమూడు మంది పోయారు. శకలాలు కంటపడడానికి ఎనిమిది రోజులు పట్టింది. వీటన్నిటికీ విమానం వయసే కారణమని నేను అనడం లేదు. అరుణాచల్ లోయల్లో మబ్బు కమ్ముకుంటే కొత్త విమానానికైనా ప్రమాదమే. అయితే కొత్త తరం విమానాల్లో కొండ దగ్గరపడుతోందని ముందే హెచ్చరించే వ్యవస్థలు, కూలిన చోటు నుంచి ఉపగ్రహానికి సంకేతం పంపే పరికరాలు విమానంతోపాటే వస్తాయి. పాతవాటికి వాటిని తరువాత ఒక్కొక్కటిగా అమర్చవలసి వస్తోంది.

కొత్త విమానం రావడానికి మన దేశంలో ఎంత కాలం పడుతుందో ఆవ్రో అనే పాత రవాణా విమానం కథ చెబుతుంది. 1961లో కాన్పూర్‌లో తొలిసారి ఎగిరిన ఆవ్రో స్థానంలో యాభై ఆరు కొత్త విమానాలు కొనాలని రక్షణ కొనుగోళ్ల మండలి 2012లో ఆమోదించింది. 2013లో టెండరు పిలిచారు. టాటా, ఎయిర్‌బస్ కలిసి వేసిన బిడ్ ఒక్కటే వచ్చింది, దాన్ని 2015లో అంగీకరించారు. ఒప్పందం మీద సంతకం జరిగింది మాత్రం 2021 సెప్టెంబరులో. అలా కొన్న సి-295 విమానాల్లో మొదటిది మన చేతికి వచ్చింది 2023 సెప్టెంబరులో. ఆమోదం నుంచి మొదటి విమానం దాకా పదకొండేళ్లు! అంతకు ముందు రష్యాతో కలిసి మధ్యతరహా రవాణా విమానాన్ని మనమే రూపొందించుకోవాలని 2007లో ఒప్పందం చేసుకున్నాం, ఉమ్మడి కంపెనీ కూడా పెట్టాం, చివరికి అదీ కలిసి రాలేదు. ఇప్పుడు మీ మంత్రిత్వ శాఖ 2022 డిసెంబరులో 18 నుంచి 30 టన్నుల బరువు మోసే మధ్యతరహా రవాణా విమానం కోసం కంపెనీలను సమాచారం అడిగింది. అమెరికా సి-130జె, బ్రెజిల్ సి-390, ఐరోపా ఎ-400ఎం విమానాల పేర్లు అప్పటి నుంచి వినబడుతున్నాయి. ఈ పనికీ ఆవ్రోకు పట్టినంత కాలమే పడితే మొదటి విమానం దిగేది 2033లో. ఆ నాటికి ఏఎన్-32లలో ఆఖరివాటి నలభై ఏళ్లు కూడా నిండిపోతాయి. మంత్రి గారూ, నా ఆందోళన అంతా ఈ ఒక్క లెక్క గురించే.

ఇక్కడ ఇంకో విషయాన్ని మీ దృష్టికి తేవాలి. రవాణా దళం చేయవలసిన పనంతా ఒకే కొత్త విమానానికి అప్పగించడం తగదు. మెచుకా వంటి చిన్న రన్‌వేల మీద నాలుగైదు టన్నుల రేషన్, మందులు, ఇరవై ముప్పై మంది జవాన్లను దింపే పని ఒకటి. దానికి సి-295 సరిపోతుంది. అది తొమ్మిది టన్నుల దాకా మోస్తుంది, చిన్న రన్‌వే చాలు, వడోదరలో 2024 అక్టోబరులో ప్రారంభమైన కర్మాగారంలో నలభై విమానాలను మన చేతులతోనే కట్టాలన్నది ఒప్పందం. ఆ లైను నడుస్తుండగానే అదనంగా ఆర్డరు ఇస్తే, మళ్లీ టెండరు నుంచి మొదలుపెట్టవలసిన అవసరం ఉండదు. రెండో పని బరువైనది. మన డీఆర్‌డీఓ, ఎల్ అండ్ టీ కలిసి తయారుచేసిన జొరావర్ తేలిక ట్యాంకు బరువు 25 టన్నులు. ఇరవై టన్నుల తరగతి విమానంలో అది ఎక్కదు. లద్దాఖ్‌లోని లేహ్ వంటి ఎత్తైన చోట గాలి పలచన, మధ్యాహ్నం ఎండ పెరిగేకొద్దీ ఇంజన్లకు దక్కే బలం ఇంకా తగ్గుతుంది. మైదానంలో మోసే బరువులో గణనీయమైన భాగాన్ని అక్కడ తగ్గించుకోవలసిందే. కాబట్టి ఏ కంపెనీ విమానమన్నది తేల్చే ముందు, లేహ్ ఎత్తున, వేసవి ఉదయాన, 25 టన్నులతో ఏది దిగి మళ్లీ లేవగలదో పరీక్షించి చూడాలని నా మనవి. కంపెనీలు ఇచ్చే అంకెలు సముద్ర మట్టానికి సంబంధించినవి.

రవాణా విమానం విలువ 2020లో దేశమంతా చూసింది. జూన్ 15న గల్వాన్‌లో తెలంగాణ బిడ్డ, సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు, ఆయన సహచరులు అమరులైన తరువాత వైమానిక దళం 68 వేలకు పైగా సైనికులనూ, దాదాపు 90 ట్యాంకులనూ తూర్పు లద్దాఖ్‌కు చేర్చిందని 2023లో పత్రికలు రాశాయి. ఆ బరువులో ఎక్కువ భాగం మన దగ్గరున్న భారీ రవాణా విమానాలు, అంటే పదకొండు సి-17లు, 1985 నుంచి ఉన్న ఐఎల్-76లు మోసినవే. సి-17 తయారీ 2015లోనే ఆగిపోయింది, ఇక కొత్తవి దొరకవు. ఐఎల్-76లకూ ఏఎన్-32ల వయసే. అంటే మూడు రకాల విమానాల భారమూ రేపు రాబోయే ఆ మధ్యతరహా విమానం మీదనే పడుతుంది. దాని సంఖ్యను నిర్ణయించేటప్పుడు ఖర్చుకు వెరచి కత్తిరించవద్దు.

మా ఉత్తర తెలంగాణకూ దీనితో సంబంధం ఉంది. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు ఇక్కడివారు వైమానిక దళ హెలికాప్టర్ల కోసం ఆకాశం వైపు చూశారు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి, ఇటు నుంచి అటు వెళ్లే దారే లేకపోయింది. మనుషులను కప్పుల మీది నుంచి తీసేది హెలికాప్టరే గాని, పడవలూ జనరేటర్లూ మందులూ సహాయ బృందాలూ దూర రాష్ట్రాల నుంచి గంటల్లో రావాలంటే రవాణా విమానమే దిక్కు. నిజాం కాలంలో కట్టిన మామునూరు విమానాశ్రయాన్ని పునరుద్ధరించడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది, ఆదిలాబాద్‌లోని వైమానిక దళ స్థలంలో పౌర విమానాశ్రయానికీ అదే ఏడాది దళం సమ్మతించింది. ఈ రెండు రన్‌వేల పొడవు, మందం నిర్ణయించేటప్పుడే బరువుతో ఉన్న సైనిక రవాణా విమానాలు దిగేలా ప్రమాణాలు చెప్పమని మీ శాఖ పౌర విమానయాన శాఖకు రాస్తే, తరువాత తవ్వి మళ్లీ వేసే ఖర్చు తప్పుతుంది. విమాన భాగాల తయారీలోనూ మా రాష్ట్రం వెనుకబడలేదు. సి-130జె తోకభాగాలు హైదరాబాద్ శివారు ఆదిభట్లలో తయారై అమెరికా వెళుతున్నాయి, సి-295 భాగాలు హైదరాబాద్‌లో తయారవుతున్నాయి. ఎంచుకునేది ఏ విమానమైనా, దాని ఓవర్‌హాల్, విడిభాగాల తయారీ మన దేశంలోనే జరగాలన్న షరతు ఒప్పందంలోనే ఉండాలి. ఉక్రెయిన్ అనుభవం తరువాత ఈ షరతు లేని ఒప్పందం చేసుకోకూడదు.

చివరిగా, కొత్తవి వచ్చేదాకా ఎగరక తప్పని ఏఎన్-32ల గురించి. 2019 ప్రమాదంలో ఆ విమానంలోని ఆపద సంకేత పరికరం పాతబడిందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఎగురుతున్న ప్రతి ఏఎన్-32లోనూ 406 మెగాహెర్ట్జ్‌పై ఉపగ్రహానికి సంకేతం పంపే పరికరం ఉన్నదీ లేనిదీ తనిఖీ చేయించి, లేనివాటిని అది అమర్చేదాకా సముద్రం మీదికీ ఈశాన్య కొండల్లోకీ పంపకుండా ఆదేశించండి. ఆధునికీకరణ జరగని విమానాలు ఇంకా ఎన్ని ఉన్నాయో, ఏ ఏడాది ఎన్ని నేల దిగుతాయో, ఆ ఏడాది వాటి స్థానంలో ఎన్ని చేరతాయో తెలిపే పట్టికను రానున్న పార్లమెంటు సమావేశాల్లో సభ ముందుంచండి. ఆ పట్టికలో ఏ ఒక్క ఏడాదైనా చేరేవాటి కంటే దిగేవే ఎక్కువగా ఉంటే, సి-295 అదనపు ఆర్డరుపై ఆ సమావేశాలు ముగిసేలోపే నిర్ణయం తీసుకోవాలని ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
వైమానిక దళ విశ్రాంత ఉద్యోగి,
హనుమకొండ.