ఆపరేషన్ తర్వాతి ఏడాది కూడా చికిత్సే: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత నెలల తరబడి మూత్రం ఆగక అవస్థ పడే మగవాళ్ల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. వాళ్లలో నేనూ ఒకణ్ని. హనుమకొండలో టైలర్ని. మా వయసు వాళ్లు ఈ మాట నలుగురిలో చెప్పుకోలేరు, ఇంట్లో కొడుకులతో కూడా చెప్పరు. అందరం ఇలాగే ఊరుకుంటే మీదాకా ఎప్పటికీ రాదని బహిరంగంగానే రాస్తున్నాను.

ముందు ఆరోగ్యశ్రీ గురించి ఒక మాట. 2007లో మొదలైన ఈ పథకం లేకపోతే మా లాంటి వాళ్లకు ఇంత పెద్ద ఆపరేషన్ అందేది కాదు. 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు, మంచి పని. నాకు ఆపరేషన్ చేసిన డాక్టర్ల మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు, వాళ్ల వల్లే బతికున్నాను. నా గోడంతా ఆ తర్వాతి రోజుల గురించి. పథకం కింద డిశ్చార్జి రోజున 10 రోజుల మందులు ఇచ్చి పంపుతారు. ఈ ఆపరేషన్ అయిన వాళ్లకు యూరిన్ పైపు తీసేది మామూలుగా వారం, రెండు వారాల మధ్య. పైపు ఉన్నన్నాళ్లూ మూత్రం బ్యాగులోకి పోతుంది కాబట్టి ఏమీ తెలియదు. పైపు తీసిన రోజున మొదలవుతుంది అసలు కష్టం. పథకం మా చెయ్యి వదిలేసేది సరిగ్గా అప్పుడే.

ఎందుకు ఇలా అవుతుందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మూత్రాశయం కింద, మూత్రం వచ్చే నాళం చుట్టూ ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. మూత్రాన్ని ఆపి ఉంచే బిగింపులు రెండు. మూత్రాశయం మెడ దగ్గర ఉన్నది మన ప్రమేయం లేకుండా దానంతటదే పనిచేస్తుంది. గ్రంథిని మొత్తంగా తీసేటప్పుడు అది చాలావరకు పోతుంది. ఇక భారమంతా కింద ఉన్న కండరం మీదే పడుతుంది, అదీ ఆపరేషన్‌లో కొంత నలిగి ఉంటుంది. అందుకే దగ్గినా, తుమ్మినా, కుర్చీలోంచి లేచినా, నీళ్ల బకెట్ ఎత్తినా మూత్రం పడిపోతుంది. పొద్దున కాస్త నయంగా ఉంటుంది. సాయంత్రానికి కండరం అలిసిపోయి ఎక్కువవుతుంది. క్యాన్సర్ కాకుండా మామూలు ప్రోస్టేట్ వాపుకు టీయూఆర్‌పీ (మూత్రనాళం లోంచి గ్రంథిని గీకి తీసే ఆపరేషన్) చేయించుకున్న వాళ్లకు కూడా కొన్నాళ్లు మూత్రం ఉరుకులు పరుగుల మీద వస్తుంది గానీ, ఎక్కువమందికి అది త్వరగా సర్దుకుంటుంది.

ఇది తగ్గే బాధ. కొందరికి మూడు నెలలకు, ఇంకొందరికి ఆరు నెలలకు, ఏడాది తిరిగేసరికి చాలామందికి తగ్గిపోతుంది, లేదా ఒక చిన్న ప్యాడ్‌తో గడిచిపోయేంతకు వస్తుంది. ఈ ఒక్క సంగతి ఆపరేషన్‌కు ముందే పేషెంటునూ భార్యనూ కూర్చోబెట్టి తెలుగులో చెప్తే సగం టెన్షన్ పోతుంది. నాకు చెప్పలేదు. సంతకం పెట్టించుకున్న కాగితంలో ఇంగ్లిషులో రాసి ఉందని తర్వాత మా అబ్బాయి చదివి చెప్పాడు. పైపు తీశాక పక్క తడిసిన మొదటి రాత్రి, ఇక బతుకంతా ఇంతేనేమో అనుకుని నేనూ మా ఆవిడా తెల్లారేదాకా మాట్లాడుకోలేదు.

టైలరు పనంటే రోజంతా కూర్చుని మిషన్ తొక్కడం, కొలతలకు లేవడం, మళ్లీ కూర్చోవడం. కస్టమరు వచ్చాడని టేపు తీసుకుని లేస్తే చాలు, తడి తెలిసేది. మందుల షాపులో పెద్దవాళ్ల డైపర్ ఒక్కోటి 30, 40 రూపాయలు. రోజుకు మూడు మార్చినా నెలకు 2,700 నుంచి 3,600 దాకా అవుతుంది. పైగా అవి మంచాన పడ్డ రోగులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. ప్యాంటు లోపల వేసుకుని పని చేయాలంటే నడుం దగ్గర ఉబ్బుగా కనిపిస్తుంది, ఎండాకాలం తొడలు ఒరుసుకుని ఎర్రగా పొక్కుతాయి. మగవాళ్ల కోసమే చేసిన చిన్న ప్యాడ్లు ఉన్నాయట గానీ మా వైపు మెడికల్ షాపుల్లో అడిగితే తెప్పించాలన్నారు. అందుకని నేనే కుట్టుకున్నాను. మెత్తబడ్డ పాత పంచె నాలుగు మడతలు, మధ్యలో టవల్ గుడ్డ, అడుగున రెయిన్‌కోటు గుడ్డ. ముందు వైపు వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా కత్తిరించాలి, ఎందుకంటే మగవాళ్లకు తడి ముందు వైపే పడుతుంది. అంచు కుట్టు లోపలికి మడవాలి, లేకపోతే చర్మం కోసుకుపోతుంది. తెలిసిన వాళ్లు అడిగితే వాళ్లకూ కుట్టిచ్చాను. అడగడానికి వచ్చిన వాళ్లెవరూ షాపులో జనం ఉండగా నోరు విప్పలేదు. షట్టరు దించే టైముకు వచ్చారు.

వాళ్లలో ఒకాయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి. సజ్దాలో, అంటే నుదురు నేలకు ఆనేలా వంగితే చుక్క పడుతుంది, పడితే మళ్లీ వజూ (నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసుకోవాలేమోనని ఆయనకు దిగులు. మసీదుకు పోవడమే మానేశారు. పెళ్లిళ్లు మానేసినవాళ్లు, గుడికి పోనివాళ్లు, మనవణ్ని ఎత్తుకోనివాళ్లు ఉన్నారు. చాలామంది భయపడి నీళ్లు తాగడం తగ్గించేస్తారు. అప్పుడు మూత్రం చిక్కబడి మంట, ఇన్ఫెక్షను వస్తాయి, మలబద్ధకం వస్తుంది, ముక్కితే లీకేజీ ఇంకా పెరుగుతుంది. తాగాల్సినన్ని నీళ్లు తాగి, టీ కాఫీలు తగ్గించుకోవాలని ఒక్క మనిషి చెప్పి ఉంటే సరిపోయేది.

అన్నిటికంటే ముందు నేర్పాల్సింది వ్యాయామం. అమెరికాలో ఆర్నాల్డ్ కెగెల్ అనే స్త్రీల వైద్యుడు 1948లో కాన్పు తర్వాతి ఇబ్బందికి రాసిపెట్టిన కసరత్తే మగవాళ్లకూ పనికొస్తుంది. కింది నుంచి గాలి పోకుండా ఆపుకున్నట్టు, మూత్రం మధ్యలో ఆపినట్టు లోపలి కండరాన్ని బిగించి, ఐదారు అంకెలు లెక్కపెట్టి, మళ్లీ అంతే సేపు వదలాలి. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు. వినడానికి తేలిక. చేసేటప్పుడు తొంభై తప్పులు. ఎక్కువమంది ఊపిరి బిగబట్టి పొట్టనూ పిరుదులనూ బిగిస్తారు, దాంతో ఒత్తిడి కిందికే పడుతుంది. పైపు ఉండగా చేయకూడదు. మూత్రానికి పోయేటప్పుడు రోజూ ఆపి ఆపి చేయకూడదు. దగ్గు వస్తుందనగా, లేవబోయే ముందు, ఒక్క క్షణం ముందే బిగించడం అలవాటు చేసుకోవాలి. ఇవన్నీ నాకు ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి డబ్బు తీసుకోకుండా, మోమాటపడకుండా, దగ్గర కూర్చుని నేర్పింది. ఆ తర్వాతే నాకు తేడా తెలిసింది. అలాంటి మనిషి దొరకడం అదృష్టం మీద ఆధారపడకూడదని నా మనవి.

మంత్రి గారూ, ఆరోగ్యశ్రీలో కొన్ని జబ్బులకు ఏడాది పాటు మందులూ పరీక్షలూ ఇచ్చే ఫాలో-అప్ ప్యాకేజీలు ముందునుంచీ ఉన్నాయి. కాబట్టి కొత్త దారి వేయక్కర్లేదు. ప్రోస్టేట్ మొత్తంగా తీసిన ప్రతి పేషెంటుకూ ఆ ఏడాదిలో ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకునే వీలూ, నెలనెలా ప్యాడ్లూ, చర్మానికి రాసుకునే క్రీమూ ఇప్పించండి. నిమ్స్, ఉస్మానియా, గాంధీ, మా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రుల్లో వారానికి ఒక పూట దీనికోసమే క్లినిక్ పెట్టండి. జిల్లా ఆస్పత్రుల్లో పక్షవాతానికీ మోకాళ్లకూ చూసే ఫిజియోథెరపిస్టులకు ఈ పనిలోనూ ట్రైనింగ్ ఇవ్వండి. కాన్పుల తర్వాత ఇదే బాధను ఏళ్లకేళ్లు దాచుకుంటున్న ఆడవాళ్లకూ ఆ క్లినిక్కే ఆసరా అవుతుంది. తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి, ఒక్క పేజీ కాగితం ఆపరేషన్‌కు ముందే చేతిలో పెట్టించండి.

ఏడాది దాటినా బాగా కారుతూనే ఉండేవాళ్లు కొద్దిమంది ఉంటారు. వాళ్లకు స్లింగ్ (మూత్రనాళానికి కింద ఆసరాగా ఉండే పట్టీ) వేసే ఆపరేషన్, కృత్రిమంగా మూత్రాన్ని ఆపే పరికరం అమర్చే ఆపరేషన్ ఉన్నాయి. ఆ పరికరం లక్షల్లో ఉంటుంది, రేషన్ కార్డు మీద బతికే వాళ్లకు కొనే మాటే లేదు. క్యాన్సర్‌ను తీసేసిన ప్రభుత్వమే ఇదీ చూడాలని అడుగుతున్నాను.

టాయిలెట్ల సంగతి మీ శాఖది కాకపోవచ్చు, అయినా మీరు చెప్తే వింటారు. ఏ ఊళ్లోనైనా మగవాళ్ల పబ్లిక్ టాయిలెట్‌లో తలుపు వెనక డస్ట్‌బిన్ ఉండదు. తడిసిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి, సంచిలో పెట్టుకుని ఇంటిదాకా మోసుకురావాలి. బ్రిటన్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ యూకే అనే సంస్థ మగవాళ్ల టాయిలెట్లలో బిన్లు పెట్టాలని ఉద్యమమే నడిపింది. మన దేశంలో 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు కూడా డైపర్లను శానిటరీ చెత్తగా లెక్కగట్టాయి. అలాంటప్పుడు వేయడానికి చోటు చూపించాలి కదా. పన్ను విషయం కూడా ఉంది. క్లినికల్ డైపర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గింది, శానిటరీ నాప్కిన్ల మీద 2018లోనే పూర్తిగా ఎత్తేశారు. మిగిలిన ఆ 5 శాతం కూడా తీసేయాలని జీఎస్టీ కౌన్సిల్‌లో మన రాష్ట్రం తరఫున అడిగించండి.

ప్యాడ్లకు ఖర్చు ఎక్కువవుతుందని అధికారులు అంటే నా దగ్గర ఒక ఉపాయం ఉంది. స్కూలు పిల్లల యూనిఫాంలు మహిళా సంఘాల చేత కుట్టిస్తున్నారు. ఉతికి మళ్లీ వాడుకునే ఈ గుడ్డ ప్యాడ్లు కూడా వాళ్ల చేతనే కుట్టించవచ్చు. మూడు సైజుల్లో కటింగ్ పేపర్లు నా దగ్గర తయారుగా ఉన్నాయి. డాక్టర్లు చూసి ఏమైనా మార్చమంటే మారుస్తాను. మీ శాఖ ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి నేర్పుతాను. దానికి నాకు పైసా ఇవ్వనవసరం లేదు.

ఇట్లు,
ఒక టైలరు,
హనుమకొండ