ఏటిగట్టుకి డబ్బులు ఎండాకాలంలోనే ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,
మాది కోనసీమలో గోదావరి పక్క ఊరు. ఏటిగట్టు రిపేరుకి నిధులివ్వమని మా పంచాయతీ తీర్మానం చేసి పంపింది, అడిగితే ఇదిగో ఎస్టిమేట్ అదిగో ఫైల్ అంటారు, ఈలోపు జులై వచ్చేస్తది, ఇసుక బస్తాలేసుకుని రాత్రుళ్లు కాపలా కాసేది మేమే. 1986లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022లో కూడా 25 లక్షల పైనే. ఇంటిపన్నులు వీధిలైట్లకే చాలవు, గట్టు మేమెక్కడ ఎత్తు చేస్తామండీ? ఎలకలు బొరియలు పెట్టిన చోటే ముందు నీళ్లు ఊరతాయి, తర్వాత గండి పడుద్ది, ఎండల్లో మట్టి పోసి రోలర్ తిప్పితే తక్కువలో పోద్ది కదా. 2024లో బుడమేరుకి గండ్లు పడి విజయవాడ మునిగాక రాత్రింబవళ్లు పూడ్చారు, ఆ తొందరేదో ముందే పడొచ్చుగా. మా తీర్మానం ఏ బల్ల మీదుందో కనీసం అదైనా చెప్పమనండి.

ఇట్లు,
ఓ కొబ్బరి రైతు