మతం, రాజ్యాంగం, లౌకిక పాలన: అధ్యయన విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన తరగతులన్నీ ఒకే విషయం చుట్టూ నడిచాయి. రాజ్యాంగంలో 25 నుంచి 28 దాకా ఉన్న నాలుగు అధికరణాలు, వాటిపై సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన తీర్పులు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గుడి పాలనకు ఆధారమైన 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం. వ్యాఖ్యానాలు పక్కనపెట్టి మూలపాఠాలే చదవాలని నియమం పెట్టుకున్నాం. ఈ విషయంలో చలామణీలో ఉన్న పొరపాట్లు చాలావరకు అధికరణంలో సగం వాక్యం చదివి మిగతాది వదిలేయడం వల్ల పుట్టినవే.

ప్రవేశికలో ఆ మాట

'సెక్యులర్' అనే మాట 1976లో 42వ సవరణతో ప్రవేశికలో చేరింది. కాబట్టి అంతకుముందు మనది లౌకిక రాజ్యం కాదనే వాదన తరచూ వినిపిస్తుంది. రాజ్యాంగ సభ చర్చలు తెరిచి చూస్తే అది నిలవదు. 1948 నవంబర్ 15న కె.టి. షా ఆ మాటను మొదటి అధికరణంలోనే చేర్చాలని సవరణ పెట్టారు, సభ ఒప్పుకోలేదు. 1949 అక్టోబర్ 17న హెచ్.వి. కామత్ ప్రవేశికను దేవుని పేరుతో మొదలుపెట్టాలన్నారు. ఓటింగ్ జరిగింది. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. ఆ మాటా వద్దు, దేవుని పేరూ వద్దు అన్న సభే మత స్వేచ్ఛను ప్రాథమిక హక్కుగా రాసింది. మూడో షెడ్యూల్లో ప్రమాణ స్వీకారానికి దైవసాక్షిగానైనా, ఆత్మసాక్షిగానైనా అని రెండు దారులు ఉంచింది. 1994లో బొమ్మై కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం లౌకికత్వాన్ని రాజ్యాంగ మౌలిక స్వరూపంలో, అంటే పార్లమెంటు సవరణతో కూడా మార్చలేని పునాదిలో, భాగంగా గుర్తించింది. 42వ సవరణపై చాలా ఆలస్యంగా వచ్చిన పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబర్ 25న కొట్టేసింది.

ఆ మౌలిక స్వరూప సిద్ధాంతం పుట్టిందే ఒక మఠాధిపతి వేసిన కేసులో. కేరళ భూసంస్కరణల చట్టం మీద కాసరగోడ్ దగ్గరి ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి కోర్టుకెక్కారు. 1973 ఏప్రిల్ 24న 13 మంది న్యాయమూర్తులు 7–6గా తీర్పు చెప్పారు.

25, 26 పక్కపక్కన పెట్టి చదవడం

తరగతుల్లో ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే, తీసుకోవలసిందీ ఇదే. 25వ అధికరణం వ్యక్తికి చెందినది. ఆ హక్కు ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి, ఆపైన ప్రాథమిక హక్కుల భాగంలోని ఇతర నిబంధనలకు లోబడి ఉంటుంది. 26వ అధికరణం మతశాఖకు చెందినది. అందులో మొదటి మూడు షరతులే ఉన్నాయి, 'ఇతర నిబంధనలకు లోబడి' అన్న మాట లేదు. ఆలయ ప్రవేశ వివాదాలన్నీ ఈ ఒక్క మాట తేడా దగ్గరే ముడిపడతాయి. మూల్కి వెంకటరమణ దేవాలయం కేసులో (1958) కోర్టు రెంటినీ కలిపి చదివింది. గుడి గౌడ సారస్వత బ్రాహ్మణ శాఖదేనని ఒప్పుకుంటూనే, 25(2)(బి) ప్రకారం హిందువులందరికీ తలుపు తెరవాలంది. కొన్ని ప్రత్యేక క్రతువుల వేళ మాత్రం శాఖవారికే పరిమితం చేసుకోవచ్చంది.

26లో నాలుగు ఉపఖండాలున్నాయి. సంస్థలు స్థాపించి నడపడం, మత విషయాల్లో తమ వ్యవహారాలు తామే చూసుకోవడం, ఆస్తి సంపాదించడం, ఆ ఆస్తిని 'చట్ట ప్రకారం' నిర్వహించడం. రెండోదానికీ నాలుగోదానికీ మధ్య ఉన్న గీతే మొత్తం న్యాయశాస్త్రం. మత విషయంలోకి శాసనం రాదు, ఆస్తి నిర్వహణలోకి వస్తుంది. 25(2)(ఎ) కూడా ఇదే చెబుతుంది: మతాచరణతో ముడిపడ్డ ఆర్థిక, రాజకీయ, ఇతర లౌకిక కార్యకలాపాలను రాజ్యం నియంత్రించవచ్చు.

ఈ గీతను కాగితం మీద గీసుకోవడం అలవాటు చేసుకోండి. నైవేద్యం ఏ వేళకు, ఏ విధంగా పెట్టాలన్నది మతం. ఆ నైవేద్యానికి ఏటా ఎంత ఖర్చు పెట్టాలన్న స్థాయి మాత్రం ఆస్తి నిర్వహణ. ఇది మేం చెబుతున్న మాట కాదు, 1954 శిరూర్ మఠం తీర్పులో జస్టిస్ బి.కె. ముఖర్జియా రాసిన విభజన. బియ్యం కొనుగోలు టెండరు, హుండీ లెక్కింపు, దుకాణాల లీజు కుడివైపుకు, అంటే ఆస్తి నిర్వహణ వైపుకు వెళ్తాయి. అభిషేకం, ఆగమ విధి (గుడి పూజా పద్ధతిని నిర్దేశించే శాస్త్ర విధి) ఎడమవైపుకు, అంటే మతం వైపుకు. అర్చకుడు గీత మీదే నిలబడతాడు. శేషమ్మాళ్ కేసు (1972) ప్రకారం నియామకం లౌకిక చర్య, కాబట్టి వంశపారంపర్య హక్కును శాసనం తీసేయవచ్చు. కానీ నియమితుడు ఆ గుడి ఆగమానికి తగినవాడై ఉండాలి. మన 1987 చట్టం కూడా వంశపారంపర్య అర్చక హక్కులను రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తర్వాత 2007 సవరణ అర్చక కుటుంబాలకు కొంత ఊరట ఇచ్చింది. 1996 తీర్పు మాత్రమే పట్టుకుని వాదనకు దిగితే దెబ్బతింటారు.

'తప్పనిసరి ఆచారం' పరీక్షపై మా అభిప్రాయం

ఒక ఆచారం మతానికి అవిభాజ్యమా కాదా అని ఎవరు తేల్చాలి? శిరూర్ మఠం తీర్పు ఇచ్చిన జవాబు: ఆ మత సిద్ధాంతాలనే అడిగి తెలుసుకోవాలి. అజ్మీర్ దర్గా కేసుకు (1961) వచ్చేసరికి జస్టిస్ గజేంద్రగడ్కర్, మూఢనమ్మకాల వల్ల తర్వాత వచ్చి అంటుకున్న ఆచారాలకు రక్షణ ఉండదన్నారు. అక్కడి నుంచి న్యాయమూర్తి ధర్మశాస్త్ర పండితుడి పాత్ర కూడా వేయవలసి వచ్చింది. ఇది మంచి మార్పు కాదని మా విభాగం గట్టిగా నమ్ముతోంది. ఆచారం నిజమైనదే అయినా అన్యాయమైనదైతే దాన్ని ఆపడానికి 14 (సమానత్వం), 15 (వివక్ష నిషేధం), 17 (అంటరానితనం రద్దు) అధికరణాలు ఉన్నాయి, 25(2)(బి) కింద సంస్కరణ చట్టం ఉంది. 'ఇది మీ మతమే కాదు' అని భక్తుడికి చెప్పవలసిన అవసరం కోర్టుకు లేదు. శబరిమల తీర్పు (2018 సెప్టెంబర్ 28, 4–1) తర్వాత 2019 నవంబర్ 14న సమీక్ష ధర్మాసనం ఈ పరీక్షనే పెద్ద ధర్మాసనం పరిశీలనకు పంపింది. తొమ్మిది మంది ధర్మాసనం ముందు పెట్టిన ప్రశ్నల్లో ఇది ముఖ్యమైనది.

మతశాఖ అని చెప్పుకోవడం తేలిక, రుజువు చేయడం కష్టం. మూడు ఉండాలి: ఉమ్మడి విశ్వాసం, ఉమ్మడి వ్యవస్థ, ప్రత్యేకమైన పేరు. మూడింటిలో తరచూ తప్పిపోయేది రెండోది. ఒక దేవుడి భక్తులందరూ ఒక శాఖ అయిపోరు. సభ్యత్వం, గురుపరంపర, నియమావళి వంటివి కాగితాల్లో చూపలేకపోతే 26 వదిలేసి 25 మీదే నిలబడటం మంచిది.

హక్కుకు పరిమితి పెట్టాలంటే చట్టం ఉండాలన్నది బిజో ఇమ్మాన్యుయేల్ కేసు (1986) నేర్పిన పాఠం. జాతీయ గీతం పాడే వేళ మర్యాదగా లేచి నిలబడి, పాడకుండా ఊరుకున్న ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లలను కేరళలో బడి నుంచి తీసేశారు. విద్యాశాఖ ఉత్తర్వు చట్టం కాదంటూ జస్టిస్ చిన్నపరెడ్డి ధర్మాసనం వాళ్లను తిరిగి చేర్చుకోమంది. మత స్వేచ్ఛకు అడ్డుపడే ఏ సర్క్యులర్ చేతికొచ్చినా ముందు అడగవలసింది, 'ఇది ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద జారీ అయింది?' అని.

గుడి భూములు: సభ్యులకు పనికొచ్చే దారి

రిజిస్ట్రేషన్‌కు వెళ్లాక 'ఇది నిషేధిత జాబితాలో ఉంది' అని వెనక్కి పంపిన కేసులపైనే సందేహాలు ఎక్కువగా వస్తాయి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ(1)(సి) కింద దేవాదాయ, వక్ఫ్ ఆస్తుల విక్రయం, దానం, మార్పిడి, పదేళ్లకు మించిన లీజు దస్తావేజులను సబ్ రిజిస్ట్రార్ తీసుకోరు. అక్కడ వాదించి లాభం లేదు, ఆయనకు హక్కు తేల్చే అధికారం లేదు.

మొదట ఆ సర్వే నంబరు ఏ సంస్థ పేర జాబితాలోకి వచ్చిందో రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత దేవాదాయ శాఖ దగ్గర సెక్షన్ 43 కింద ఆ సంస్థ నమోదు పత్రంలో ఆ భూమి ఉందో లేదో చూడండి. ఇనాం భూమి అయితే అసలు ప్రశ్న వేరు: ఇనాం సంస్థకు ఇచ్చారా, సేవ చేసే వ్యక్తికి ఇచ్చారా? ఆంధ్ర ప్రాంతంలో 1956 ఇనాం రద్దు చట్టం కింద, తెలంగాణ ప్రాంతంలో 1955 చట్టం కింద జరిగిన విచారణ ఉత్తర్వు నకలు దీనికి కీలకం. పట్టా ఎవరి పేర వచ్చిందన్నదాని కన్నా ఆ విచారణలో సంస్థ పక్షమై ఎవరైనా హాజరయ్యారా అన్నది ముఖ్యం. భూమి సంస్థదే అయితే కమిషనర్ ముందస్తు అనుమతి లేకుండా జరిగిన విక్రయం సెక్షన్ 80 ప్రకారం చెల్లదు, మధ్యలో ఎన్ని చేతులు మారినా సరే. ఆస్తి సంస్థదా కాదా, గుడి ప్రజలదా సొంతదా అనే వివాదం సెక్షన్ 87 కింద దేవాదాయ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. సెక్షన్ 151 సివిల్ కోర్టు దారి మూసేస్తుంది. ఈ సెక్షన్ చూసుకోకుండా మామూలు దావా వేసి ఏళ్లు పోగొట్టుకోవడం అన్నిటికన్నా బాధాకరమైన పొరపాటు. వక్ఫ్ ఆస్తులకైతే వక్ఫ్ ట్రిబ్యునల్, చట్టం వేరు, గడువులు వేరు.

హిందూ దేవాలయాలకే ఈ చట్టం ఎందుకు అన్న ప్రశ్న ప్రతి తరగతిలోనూ వచ్చింది, అడగదగ్గ ప్రశ్నే. చరిత్ర ప్రకారం ఇది 1817 మద్రాసు రెగ్యులేషన్‌తో మొదలై, 1863లో ప్రభుత్వం చేతులు దులుపుకుని, మద్రాసు రాష్ట్రంలో 1920ల్లో మళ్లీ బోర్డు రూపంలో వచ్చింది. వక్ఫ్ బోర్డు, సిక్కు గురుద్వారాల చట్టం (1925) కూడా శాసన నియంత్రణలే. సంస్కరణను శాసనసభ దశలవారీగా చేపట్టవచ్చని 1996 పన్నాలాల్ బన్సీలాల్ తీర్పు చెప్పింది. ఈ జవాబు చట్టపరంగా సరిపోతుంది. అయితే దశలవారీ అన్నది ఎంతకాలం అన్నదానికి ఆ తీర్పులో సమాధానం లేదు.

డబ్బు, బడి, మైకు

27వ అధికరణం ఒక మతాన్ని ప్రోత్సహించడానికి ప్రత్యేకంగా కేటాయించే పన్నును నిషేధిస్తుంది. గుడి ఆదాయంలో ప్రభుత్వం తీసుకునే వాటా ఏమిటి మరి? శిరూర్ మఠం కేసులో ఆదాయంలో ఐదు శాతం మించని చెల్లింపు సవాలుకు గురైంది. 27ను అది ఉల్లంఘించలేదు గానీ, చేసిన సేవతో సంబంధం లేకుండా ఖజానాలో కలిసిపోతోంది కాబట్టి అది రుసుము కాదు, పన్ను అని, అలాంటి పన్ను వేసే అధికారం రాష్ట్రానికి లేదని కొట్టేశారు. అందుకే ఇప్పటి చెల్లింపులు విడిగా నిధుల రూపంలో ఉంటాయి, మన దేవాదాయ చట్టం కింది సర్వశ్రేయో నిధి కూడా అలాంటి ప్రత్యేక నిధే. ఇంకోవైపు 290-ఎ అధికరణం కింద కేరళ ఖజానా నుంచి తిరువాన్కూర్ దేవస్వం నిధికి ఏటా 46,50,000 రూపాయలు, తమిళనాడు ఖజానా నుంచి ఆ రాష్ట్రంలోని దేవస్వం నిధికి 13,50,000 రూపాయలు వెళ్లాలని రాజ్యాంగమే చెబుతోంది. రాజ్యానికీ మతానికీ మధ్య పూర్తి గోడ మన రాజ్యాంగంలో ఎన్నడూ లేదు.

28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధన కుదరదు. ఎయిడెడ్ బడిలో పిల్లల పెద్దలు ఒప్పుకుంటేనే కుదురుతుంది. మతాల గురించి చదువు చెప్పడం మత బోధన కాదు. గురునానక్ జీవితం, బోధనల అధ్యయనంపై 1971 డి.ఎ.వి. కళాశాల కేసులో ఇదే తేల్చారు.

మైకుల విషయంలో కొలత స్పష్టంగా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. మసీదు, గుడి, చర్చి అని తేడా లేదు. ఫిర్యాదులో మతం పేరు రాయకుండా చోటు, వేళ, దూరం రాస్తే పని జరుగుతుంది.

ఎన్నికల్లో మతం పేరిట ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(3) కింద అవినీతి చర్య. 2017 జనవరి 2న 4–3 మెజారిటీతో వచ్చిన అభిరామ్ సింగ్ తీర్పు తర్వాత అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అంతే. ఫలితం ప్రకటించిన 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేయాలి.

ఇతర దేశాల రాజ్యాంగాలకు ఒక్క తరగతే కేటాయించగలిగాం. చర్చిని రాజ్యం నుంచి వేరు చేసిన ఫ్రాన్స్ 1905 చట్టం, కాథలిక్ చర్చికి ఉన్న ప్రత్యేక స్థానాన్ని 1972లో తొలగించిన ఐర్లాండ్, లౌకికత్వమంటే సనాతన కాలం నుంచి వస్తున్న మత సంస్కృతుల పరిరక్షణ కూడా అని 4వ అధికరణంలో వివరణ రాసుకున్న 2015 నేపాల్ రాజ్యాంగం. ఒకే మాట మూడు చోట్ల మూడు అర్థాలతో నిలబడింది. ఇంకా చదవాలి.

వచ్చే ఏడాది మొదట 1991 ప్రార్థనా స్థలాల చట్టం, అందులో ప్రార్థనా స్థలాల మత స్వభావానికి కొలతగా పెట్టిన 1947 ఆగస్టు 15 తేదీకి ఉన్న బలం చదువుదాం. ఆ తర్వాత 2025 వక్ఫ్ సవరణ చట్టాన్ని 1995 చట్టం పక్కన పెట్టుకుని సెక్షన్ల వారీగా చూద్దాం. మొదటి తరగతికి వచ్చేటప్పుడు రెండు చట్టాల పాఠాలూ తెచ్చుకోండి. భూమి సమస్య ఉన్నవారు నిషేధిత జాబితా పేజీ, సెక్షన్ 43 నమోదు నకలు, ఇనాం విచారణ ఉత్తర్వు ఉంటే అదీ కలిపి తీసుకురండి.