మందు సీసా మీద పేరుండాలి

సంపాదకుడికి,

అయ్యా,

జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం తాగేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే, దీపావళికి కాల్చేదీ మందే. మా పక్కింటి ఒడియా వాళ్లు కూడా పురుగుమందుని 'పోక మరా ఔషధ' అనే అంటారు. ఏ మందు గురించి మాట్లాడుతున్నామో పెద్దవాళ్లం సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాం. అయిదేళ్ల పిల్లాడికి ఎలా తెలుస్తుంది?

నేను రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లెలో మూడెకరాల పత్తి వేసే రైతుని. పోయిన దీపావళికి మూడు రోజుల ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఏటా ఆ రోజుల్లోనే గోడలకి సున్నం వేస్తాం. అందుకోసం అటక మీద సామానంతా వసారాలోకి దించుతాం. ఏడాది పొడవునా పిల్లలకి అందకుండా పైన పెట్టినవన్నీ ఆ రెండు రోజులూ నేల మీదే ఉంటాయి. ఎలకల మందు, బాత్రూం కడిగే యాసిడ్, గుమ్మాలకి రంగు వేయగా మిగిలిన థిన్నరు, పక్కనే సున్నం బకెట్టు. వాటి మధ్యలో నేను పత్తికి కొట్టగా మిగిల్చిన పురుగుమందు. అది కూల్‌డ్రింక్ సీసాలో ఉంది. పండగకి వచ్చిన మనవడు మూత తీసి ఒక గుక్క వేశాడు.

ఘాటుకి వెంటనే ఉమ్మేశాడు గానీ కొంత లోపలికి పోయింది. పక్కింటావిడ ఉప్పునీళ్లు కలిపి తెస్తే నేనే తాగించాను. కక్కితే విషం పోతుందని చిన్నప్పటినుంచీ విన్నాం కదా. ఆస్పత్రిలో ఈ మాట చెప్పగానే డాక్టరు మండిపడ్డాడు. చాలా పురుగుమందుల్లో కిరసనాయిలు లాంటి ద్రావకం ఉంటుందట. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి జారితే ఇంకో గండం. యాసిడ్ తాగినవాళ్లని కక్కిస్తే పైకి వచ్చేటప్పుడు గొంతు రెండోసారి కాలుతుంది. ఇదంతా చెప్పి, 'ఇంతకీ ఏ మందు?' అని అడిగాడు.

'పురుగుల మందండి' అన్నాను. అంతకు మించి నాకు తెలీదు. సీసా మీద ఉన్నది కూల్‌డ్రింక్ పేరే.

ఆ ప్రశ్న ఎందుకడిగాడో తర్వాత బోధపడింది. క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ జాతి మందులైతే అట్రోపిన్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. పైరిథ్రాయిడ్ రకానికి వైద్యం వేరు. గడ్డిమందు పారాక్వాట్ అయితే అసలు విరుగుడే లేదు. కొన్ని ఎలకల పేస్టుల్లో పసుపు భాస్వరం ఉంటుంది. అది తిన్న పిల్లలు మొదటి రోజు బాగానే ఆడుకుంటూ ఉండొచ్చు, రెండు మూడు రోజుల తర్వాత కాలేయం దెబ్బతింటుంది. మావాడి కంటిపాపలు సూదిమొనంత అయిపోవడం, నోట చొంగ కారడం చూసి డాక్టరు తనే అంచనా వేసి వైద్యం మొదలుపెట్టాడు. గుంటడు బతికాడు. దీపావళి మాత్రం వార్డులోనే గడిచింది.

ఏం తిన్నారో తెలియకపోతే ఏమవుతుందో మా రాష్ట్రం ఇంతకు ముందే చూసింది. 2016లో ఇదే రోజుల్లో మల్కనగిరిలో వందమందికి పైగా పిల్లలు పోయారు. మొదట అంతా మెదడువాపు జ్వరమే అనుకున్నారు. నిపుణుల బృందం వచ్చి చూశాక చాలామంది విషయంలో తిన్న కసింద అనే పిచ్చి మొక్క విషపు గింజలని, ఒడియాలో బణ చకుండ అంటారు, వేలెత్తి చూపింది.

ఇక ఆ కూల్‌డ్రింక్ సీసా సంగతి. మందు నాకు ఒక దుకాణంలో చిల్లరగా పోసిచ్చారు. దుకాణం పేరు రాయను, ఎందుకంటే తప్పులో సగం నాది. ఉన్న మూడెకరాలకి లీటరు డబ్బా కొని ఏం చేసుకోను, పావు లీటరు చాలు అనుకున్నాను. చిన్న ప్యాకింగు అడిగితే లేదన్నారు. చిన్న రైతులంతా ఇలాగే కొంటున్నారు. కాబట్టి రైతులకి తెలివి లేదని తిట్టడంతో ఇది ఆగదు, చిన్న డబ్బాలు సంతలోకి రావాలి.

చట్టం ఉంది. 1968 నాటి పురుగుమందుల చట్టం, 1971 నాటి నియమాల ప్రకారం డబ్బా మీది చీటీ, లోపలి కరపత్రం హిందీ, ఇంగ్లీషుతో పాటు అమ్మే ప్రాంతంలోని ఒకటి రెండు భాషల్లో ఉండాలి. గుణుపురం బజారులో తెలుగు బేరం వినబడని దుకాణం తక్కువే, మరి తెలుగు కరపత్రం ఏది? అక్షరం రానివాళ్ల కోసం డబ్బా మీద త్రికోణంలో రంగు కూడా పెట్టారు. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మా సవర కూలీలు ఆ రంగు చూసే జాగ్రత్త పడతారు. మందుని ఇంకో సీసాలోకి వంచగానే పేరూ రంగూ రెండూ పాత డబ్బాతోనే పోతాయి.

ఖాళీ డబ్బాలతోనూ ఇదే గొడవ. కడిగి నూనె పోసుకునే ఇళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది మోనోక్రోటోఫాస్ కలిసిన వంటనూనె వల్లే. ఖాళీ డబ్బా తెచ్చిస్తే కొత్తదాని మీద పది రూపాయలు తగ్గిస్తే చాలు, మావాళ్లు ఒక్కటీ ఇంట్లో ఉంచుకోరు.

వ్యవసాయ శాఖ ఇన్‌స్పెక్టర్లు సంత రోజున వచ్చి చిల్లర అమ్మకం ఆపించాలి. దసరాకి ముందే రావాలి. దీపావళి అయ్యాక వచ్చి ఫొటోలు దిగితే మాకు ఉపయోగం లేదు.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది. ఉచిత ఫోన్ నంబర్ 1800 116 117, రాత్రీ పగలూ పలుకుతారు. ఆ రోజు నాకు 108 తప్ప ఇంకో నంబర్ తెలీదు. మీ జిల్లా పేజీలో బంగారం ధర వేసే గడి పక్కన, సున్నాలు వేసే ఈ నెల రోజులైనా, ఆ నంబర్ వేయండి. కింద 'కక్కించకండి, సీసా వెంట తీసుకెళ్లండి' అని ఒక్క లైను తెలుగులో, ఒక్కటి ఒడియాలో.

ఇట్లు,
ఒక పత్తి రైతు,
గుణుపురం దగ్గర, రాయగడ జిల్లా, ఒడిశా