వార్షిక నివేదిక 2024–25 (సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది)

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పనక్కర్లేదు. ఇథియోపియా సోమాలీ ప్రాంతంలోని ఈ జిజిగాలో పాఠాలు చెప్పుకునే తెలుగువాళ్లం ఏటా తగ్గుతున్నా, సంక్రాంతి, ఉగాది మాత్రం ఆగలేదు. ఈసారి ఉగాది, ఈద్ రెండూ మార్చి 30నే వచ్చాయి. మన పచ్చడి పక్కిళ్లకు వెళ్లింది, వాళ్ల హల్వా మనకు వచ్చింది. ఎవరు లాభపడ్డారో వేరే చెప్పాలా?

ఇక ఈ ఏడాది చేసిన అసలు పని, హర్షిన్ బిర్కా మరమ్మతు. హర్షిన్ వొరెడా (మన మండలం లాంటిది) సోమాలీలాండ్ సరిహద్దులో ఉంది. ఆ హౌద్ మైదానంలో ఏరు లేదు, బావి తవ్వితే నీళ్లు అందవు. వాన నీరు పారే వాలులో పెద్ద గొయ్యి తీసి, సిమెంటు పూసి నిలవ చేసుకుంటారు. అదే బిర్కా. జిలాల్ (ఇక్కడి వానల్లేని కాలం) ఎండల్లో గొర్రెలకీ మేకలకీ మనుషులకీ అదే దిక్కు.

కొత్తది తవ్విద్దామని మనలో చాలామంది పట్టుబట్టారు. వద్దన్నది అక్కడి పెద్దలే. వాళ్ల తాతల కాలంలో వానలు పడ్డాక హౌద్‌కు మందలు తోలుకొచ్చి, ఎండాకాలానికి ఉత్తరాన బావుల దగ్గరికి తిరిగి వెళ్లేవారట. బిర్కాలు పెరిగాక మనుషులు ఏడాది పొడవునా అక్కడే ఉండిపోయారు, గడ్డికి కోలుకునే వ్యవధి లేకుండా పోయింది. ఇంకో బిర్కా అంటే ఇంకో ఊరు అన్నారు. అందుకే బీటలు వారిన పాతదాన్నే బాగు చేయించాం. ఈ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

పని జనవరిలో మొదలవ్వాలి. ఒక్క ఉత్తరం మీద ఒక్క సంతకం కోసం ఒక కార్యాలయం చుట్టూ రెండు నెలలు తిరిగాం. ఆ కార్యాలయం పేరు రాయను. తీరా సంతకం అయ్యేసరికి రంజాన్ వచ్చేసింది. ఉపవాసంతోనే మేస్త్రీలు తెల్లవారుజాము నుంచి మిట్టమధ్యాహ్నం దాకా పనిచేసి, ఈద్‌కు ముందే పూర్తి చేశారు. జిలాల్ తర్వాత పడే గూ వానలు ముందే వచ్చేస్తాయేమోనని మాకు ఒకటే టెన్షన్. ఏప్రిల్‌లో పడింది కొద్ది వానే, అయినా మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. "బియో, బియో" అంటూ పిల్లలు గట్టు మీద పరుగెత్తారు. సోమాలీలో నీళ్లను అలాగే అంటారు. మేమూ వాళ్లతో పాటు అరిచాం.

మేస్త్రీలకు, మనకు దుబాసీలుగా ఉన్న సోమాలీ సహోద్యోగులకు, సిమెంటు తెచ్చిన ఐసుజు లారీ డ్రైవరుకు, చేరిన ప్రతిసారీ ఒంటెపాల టీ, మన అట్టులాంటి లహోహ్ పెట్టిన ఆ ఊరి తల్లులకు, హైదరాబాద్ నుంచి చందా పంపిన పాత సభ్యులకు కృతజ్ఞతలు. పూడిక తీతకు పేరు రాసినవారు ఇరవై ఇద్దరు, వచ్చినవారు ఆరుగురు. ఆ ఆరుగురికి ప్రత్యేక ధన్యవాదాలు. మిగతావారి ఫోన్లు ఆ రోజు ఎందుకు కలవలేదో వాళ్లకే తెలియాలి.

లెక్కలు కోశాధికారి దగ్గర ఉన్నాయి. 2024 జులైలో ఇక్కడి కరెన్సీ బిర్ విలువ పడిపోయాక మన అంచనాలన్నీ తారుమారయ్యాయి, లోటును నిలవ నిధి నుంచి సర్దాం. వివరాలు కావలసినవారు సమావేశం అయ్యాక చూడవచ్చు.

సహాయ కార్యదర్శి పదవి ఖాళీగా ఉంది. వచ్చే జిలాల్‌లో మళ్లీ పూడిక తీయాలి. వచ్చే ఉద్దేశం ఉంటేనే పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి