పాత తలుపు మీద బెజవాడ

సత్యనారాయణపురం,
విజయవాడ.

చి.ల.సౌ. చిన్నికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, బుడ్డోడూ క్షేమమని తలుస్తాను.

బొమ్మ రైలు చుట్టూ పెట్టడానికని నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాను. రెడీమేడ్ సొరంగం, ప్యాకెట్లో పాతిక చెట్లు, చుట్ట చుట్టిన పచ్చగడ్డి చాప, ఏటవాలు కప్పు స్టేషను. "ఆర్డర్ పెట్టేయనా నాన్నా" అన్నావు. వద్దమ్మా. డబ్బు గురించి కాదు. సరే, అదీ కొంత ఉంది. ఆ చెట్ల ధరకి కడియం నర్సరీలో నిజం మొక్కలు వస్తాయి. కానీ అసలు కారణం వేరే. ఫోన్లో చెబితే "సరే నాన్నా" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను.

ఆ ప్యాకెట్లో చెట్లు చూశావా? అన్నీ కోసుగా, పైకి సన్నబడుతూ ఉన్నాయి. అవి మంచు పడే చోట పెరిగేవి. స్టేషను కప్పు అంత ఏటవాలుగా ఎందుకుందంటే, మంచు నిలవకుండా జారిపోవడానికి. బెజవాడలో మే నెల ఎండకి ఆ కప్పుతో ఏం పని? ఆ గడ్డి చాప పచ్చదనం మన నేల మీద ఏ నెలలోనూ ఉండదు. అవన్నీ తెచ్చి పరిస్తే రైలు చక్కగానే తిరుగుతుంది, కాకపోతే జర్మనీలో తిరుగుతుంది. నాకు కావలసింది మన వీధి చివర నుంచి వెళ్లిన రైలు.

నీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోటే కదా పట్టాలు ఉండేవి. గేటు పడితే సైకిళ్లు, రిక్షాలు, అరటి గెలల బళ్లు అటూ ఇటూ బారులు తీరేవి. పోయిన సెలవుల్లో బుడ్డోడికి ఆ సంగతి చెబితే "రోడ్డు మీద రైలు ఎట్లా వెళ్తుంది తాతా" అని నన్నే అనుమానంగా చూశాడు. వాడికి మాటల్లో చెప్పి లాభం లేదు, చేసి చూపించాలి.

అందుకని మీ పెద్దమావయ్య జర్మనీ నుంచి తెచ్చిన నీ రైలు అటక మీంచి దించాను. నల్ల పొగింజను, మూడు పెట్టెలు, ఇత్తడి పట్టాలు. పట్టాలు నల్లబడి ఉన్నాయి. ఇత్తడికి పట్టే ఆ మకిలి కరెంటును ఆపుతుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోయింది. గరుకు కాగితం వాడకూడదు, గీతలు పడతాయి, ఆ గీతల్లో మళ్లీ మురికి చేరుతుంది. ఇంజను మోటారు విప్పితే లోపల బ్రష్షులు అరిగిపోయి ఉన్నాయి. మన పాత మిక్సీ కార్బన్ బ్రష్ ఒకటి అరగదీసి ఆ సైజుకి తెచ్చాను. బ్రష్షులు ఒరుసుకునే రాగి చుట్టు, అదే కమ్యుటేటర్, దాని గాట్లలో పేరుకున్న నల్లపొడిని పంటిపుల్లతో తీసి, స్పిరిట్‌తో తుడిచి, ఇరుసుకి సూది మొనతో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె పెట్టాను. తిరిగింది. మీ అమ్మ వంటింట్లోంచి "ఏమిటా వాసన" అంది. కొత్త కార్బన్ కాస్త కమురుతుందిలే, సర్దుకుంటుంది అన్నాను.

కరెంటుకి మన పాత కంప్యూటర్‌లో కరెంటు సరఫరా చేసే డబ్బా, ఎస్‌ఎమ్‌పీఎస్. ఆకుపచ్చ వైరును నల్లవైరుకి కలిపితే అది ఆన్ అవుతుంది. పసుపు వైరులో 12 వోల్టులు, ఎరుపులో 5 వోల్టులు. అయితే దానికి బలం ఎక్కువ. పట్టాల మీద ఏ స్క్రూడ్రైవరో పడి షార్ట్ అయితే సన్న వైర్లు కాలిపోతాయి. టీవీలు బాగుచేసినన్నాళ్లూ సీరీస్ బల్బు లేకుండా ఏ సెట్టూ ఆన్ చెయ్యలేదు నేను. ఇక్కడా అదే పని చేశాను. 12 వోల్టుల బైకు ఇండికేటర్ బల్బు ఒకటి వరసలో పెట్టాను. రైలు మామూలుగా నడుస్తున్నంతసేపూ అది వెలగదు. షార్ట్ అయితే భగ్గున వెలుగుతుంది, కరెంటుని అంతకు మించి పోనివ్వదు. బుడ్డోడు దాన్ని కావాలనే వెలిగిస్తాడని నాకు తెలుసు. వెలిగించుకోనీ. స్పీడు కంట్రోలు బోర్డు మాత్రం గవర్నర్‌పేటలో కొత్తది కొన్నాను. అన్నీ పాతవే వాడాలని నాకేం పట్టుదల లేదు.

ఇంక అడుగుచెక్క. ప్లైవుడ్ కొనబోతుంటే మీ అమ్మే గుర్తు చేసింది, తాతగారి పెంకుటిల్లు తీసేసినప్పుడు దాచిన ఒంటిరెక్క టేకు తలుపు మేడ మీద గదిలో ఉందని. ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. పట్టాల చుట్టు సరిగ్గా పట్టింది. ఎన్నేళ్లుగానో ఆరిన టేకు, ఇంక వంకర పోయేది లేదు. పైగా దానికి లోతుగా దిగిన పలకలు ఉన్నాయి కదా, కింది పలక అట్లాగే కాలువ అయిపోయింది. ఏ కాలువ అని మాత్రం అడక్కు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, మూడింట్లో నీకు ఏది ఇష్టమైతే అది. బెజవాడ అన్నాక కాలువ ఉండాలి, అంతే. గడియ పెట్టే కన్నంలోంచి వైర్లు కిందికి దించాను.

కాలువ నీళ్లకి నీలం రంగు వెయ్యలేదు. వంతెన మీద నిలబడి ఎప్పుడైనా కిందికి చూడు, నీలం ఎక్కడుంది? మధ్యలో ముదురు ఆకుపచ్చ కలిసిన మట్టిరంగు, గట్ల దగ్గరికి వచ్చేకొద్దీ లేతగా. అది ఆరాక పైన వార్నిష్, పలచగా పూతమీద పూత. ఒకేసారి మందంగా పోస్తే ఆరదు, జిడ్డుగా ఉండిపోతుంది. గట్టున రెల్లుగడ్డికి కొండచీపురు కొసలు కత్తిరించి గుచ్చాను. కొత్త చీపురు రాల్చే ఆ నూగు కోసం నన్ను తిట్టని రోజు లేదు మీ అమ్మ. ఇప్పుడు తనే ఊడ్చి కాగితంలో పొట్లం కట్టి ఇస్తోంది.

గుణదల కొండకి ఏం చేశానో చెబుతాను, అది నాకే బాగా నచ్చిన పని. ఫ్రిజ్‌తో వచ్చిన థర్మోకోల్ ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి, పైన పేపరు పీలికలు మైదా జిగురుతో వేశాను. దాని మీద అందరూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వేస్తారు. నేను కొండపల్లి బొమ్మల కాలనీకి వెళ్లి మక్కు చెయ్యడం చూసి వచ్చాను. చింతగింజలు వేయించి, పై పొట్టు తీసి, పొడి చేసి నీళ్లలో ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. దాంట్లో రంపపు పొట్టు కలిపితే మక్కు. వాళ్లు పొణికి కర్ర బొమ్మలకి చేతులూ కాళ్లూ అతికేది దీంతోనే. ప్లాస్టర్‌కీ దీనికీ తేడా ఎక్కడంటే, ప్లాస్టర్ గంటలో గట్టిపడి, దెబ్బ తగిలితే తెల్లగా పెచ్చు లేస్తుంది. మక్కు నిదానంగా ఆరుతుంది, చేతికి టైము ఇస్తుంది. వేలితో నొక్కితే రాతి నెర్రె, పాత టూత్‌బ్రష్‌తో పొడిస్తే గరుకు. ఆరాక కత్తితో చెక్కొచ్చు కూడా. దెబ్బ తగిలినా లోపలా బయటా ఒకటే రంగు. పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం వేశాను. అది విషం. కాబట్టి బుడ్డోడు వచ్చేసరికి ఆ డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసేస్తాను, కంగారు పడకు.

నేల రంగు కోసం ఏ డబ్బా రంగూ కొనలేదు. పెరట్లో మట్టి తెచ్చి, పురుగూ పుట్రా లేకుండా పాత పెనం మీద వేయించి, పిండి జల్లెడలో ఒకసారి, టీ వడపోతలో ఒకసారి జల్లించాను. జిగురు రాసి పైన చల్లితే అదే మన వీధి. రంగుల డబ్బాలతో ఎన్ని కలిపినా అది రాదమ్మా. పట్టాల మధ్య కంకరకి రాతిపొడి. అసలు రైల్వే కంకర పెద్దది 65 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇది హెచ్‌ఓ స్కేలు, అసలులో 87వ వంతు. అంటే మన కంకర ముక్క ముప్పావు మిల్లీమీటరు దాటకూడదు. బొంబాయి రవ్వ సరిగ్గా ఆ సైజే, కానీ చీమలు వదలవు. రాతిపొడిని కాగితం మీద పరిచి పాత స్పీకరు అయస్కాంతం తిప్పితే నల్ల రేణువులు ఎన్ని అంటుకున్నాయో! వాటిని మోటారు లోపలికి లాగేసుకుంటే ఇంజను పని అయిపోయినట్టే. కంకర పరిచాక ముందు డిష్‌వాష్ చుక్క కలిపిన నీళ్లు చిలకరించాలి. లేకపోతే జిగురు పైనే ముత్యంలా నిలబడి కంకరని దొర్లించుకుపోతుంది. ఆ తర్వాత సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్, సూది తీసేసిన సిరంజితో పట్టాల మధ్య నుంచి వదలాలి. ఇందులో ఇంకో సుఖం ఉంది. రేపు ఎప్పుడైనా దారి మార్చాలనుకుంటే గోరువెచ్చటి నీళ్లు పోసి నానబెడితే చాలు, పట్టా ఊడి వస్తుంది, కంకర కడిగి మళ్లీ వాడుకోవచ్చు.

గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, ఆ విషయం నీకు మాత్రమే చెబుతున్నా, ఇంకెవరికీ చెప్పకు. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 పైన రావాలి. ఈ పట్టాల వెడల్పు 16.5. ఇది 1,435 మిల్లీమీటర్ల గేజి ఉన్న దేశాల కోసం చేసిన సైజు. రైల్వేలో పనిచేసినవాడు ఎవడైనా వచ్చి పట్టుకుంటే టీ ఇచ్చి నోరు మూయిస్తాను.

చెట్ల గురించి క్లుప్తంగా. పాత కేబుల్లో రాగి తీగలు మెలేస్తే మొదలు, కొసలు విప్పితే కొమ్మలు. పైన పీకిన కొబ్బరి పీచు. ఆకులకి, పాత పరుపులోని స్పాంజిని నీళ్లతో మిక్సీలో వేసి, పిండి, ఆరబెట్టి రంగు అద్దాను. ఆ చట్నీ జార్‌ని మీ అమ్మ నాకే రాసిచ్చేసింది. తుమ్మచెట్టు బాగా వచ్చింది. తాడిచెట్టు ఇంకా కుదరలేదు, 20 సెంటీమీటర్ల పొడవు ఉంటే గాని తాడిచెట్టులా కనిపించట్లేదు, అంత ఎత్తుంటే పక్కన ఉన్న కొండ కొండలా కనిపించట్లేదు. కొండనే ఇంకాస్త పెంచాలేమో చూస్తున్నా.

మనుషులు సగం అగ్గిపుల్ల పొడవు, రెండు సెంటీమీటర్లు. గేటు దగ్గర నిలబడిన వాళ్లని అగ్గిపుల్లలతోనే చేశాను. ఆడవాళ్లకి పాత చీరల జరీ దారం చుట్టింది మీ అమ్మ. ఒకావిడకి ఆకుపచ్చ చీర, నెత్తిన బుట్ట. "అది మా అత్తగారు" అంది. ఎందుకో అడగలేదు.

కాలువ అవతల ఒడ్డుని గుంటూరు జిల్లా చేసేశాను. గుంటూరు వెళ్లినప్పుడు తెచ్చిన నల్లరేగడి కొంచెం, దాని మీద మిర్చి కళ్లం. ఎరుపు రంగు అద్దిన రంపపు పొట్టు. ఒక మిరపకాయ ఈ స్కేల్లో ఒక మిల్లీమీటరు ఉంటుంది, పొట్టు సరిగ్గా అంతే. నిజం కారమే చల్లొచ్చుగా అని పక్కింటాయన సలహా ఇచ్చాడు. రైలు వెళ్లినప్పుడల్లా తుమ్మడానికా?

ప్రకాశం బ్యారేజీ కూడా పెట్టమని బుడ్డోడు అడిగాడట. వాడికి లెక్క చెప్పు. బ్యారేజీ 1,223.5 మీటర్లు, 70 గేట్లు. 87తో భాగిస్తే 14 మీటర్లు. మన హాలు గోడ పగలగొట్టి, పక్కింటివాళ్ల వరండాలోకి తీసుకెళ్లినా చాలదు. కావాలంటే వాడినే మూడు గేట్లు చెయ్యమను, అట్టముక్కలతో. పెట్టేద్దాం.

స్టేషను దీపాలకి దీపావళి సీరియల్ లైట్లలోంచి తీసిన ఎల్‌ఈడీలు, 5 వోల్టుల వైరుకి 1 కిలో ఓమ్ రెసిస్టర్‌తో. మసకగా వెలుగుతాయి. అంతే వెలగాలి. అప్పట్లో ఆ చిన్న స్టేషన్లలో దీపాలు ఎంత గుడ్డిగా ఉండేవో నీకు తెలుసుగా. తెల్లదనం పోవడానికి పసుపు గ్లాస్ పెయింట్ పూశాను.

ఇక మీరు వచ్చేలోపు చెయ్యవలసినవి. పుణె కోత్రూడ్‌లో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది కదా, ఒకసారి వాణ్ని తీసుకెళ్లు. రైళ్లు వాడే చూసుకుంటాడు. నువ్వు మాత్రం ఇళ్ల కప్పులూ, గోడల మరకలూ ఎట్లా చేశారో దగ్గరగా చూసి, ఫొటోలు తియ్యనిస్తే తీసి పంపు. కొత్తగా వేసిన రంగుని పాతబరచడం నాకింకా సరిగ్గా రావట్లేదు.

తెచ్చేవాటిలో, మీ పాడైన డెస్క్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ తప్పనిసరి. ట్రే నెమ్మదిగా బయటికి తోసే చిన్న మోటారూ పళ్లచక్రాలూ ఉంటాయి దాంట్లో, గేటు లేపడానికీ దించడానికీ అదే కావాలి. విప్పొద్దు, అట్లాగే తీసుకురా. అల్లుడుగారి పాత షూ పెట్టెల్లో ఉండే పలచటి కాగితం, నీ ఎండిపోయిన నెయిల్ పాలిష్ సీసాల్లో ముదురు ఎరుపు ఏదైనా ఉంటే అది కూడా. రైలు పెట్టెలకి ఇటికరంగు కలపాలి. బుడ్డోడి విరిగిపోయిన కార్లు పారెయ్యకు, చక్రాలు పనికొస్తాయి.

టికెట్లు బుక్ అయ్యాక రైలు నంబరు పంపు. స్టేషనుకి నేనే వస్తాను, ఆటో మాట్లాడకండి. ఆవకాయ జాడీ ఏ సైజుది కావాలో అమ్మ అడుగుతోంది, దానికి మాత్రం ఇవ్వాళే ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
నాన్న