కట్టెప్పుడు తెగింది సారూ?

ఒరేయ్ బక్కోడా,

తిట్టుకో, తప్పు నాదే. నీ మెసేజీ వచ్చి నెల దాటింది, ఆదివారం రాద్దాంలే అనుకుంటూనే ఆదివారాలన్నీ అయిపోయాయి. అమ్మ మోకాలు పర్వాలేదు, చిన్నదాన్ని ఒకటో తరగతిలో వేశాం, నేనింకా ఆ డొక్కు బండే తోలుతున్నా. అంతే, ఇక అసలు సంగతికి వస్తున్నా.

ఓ చెరువు సర్వే నా నెత్తిన పడింది. కుర్రాళ్లు వారం రోజులు డీజీపీఎస్ (చోటూ ఎత్తూ కొలిచే శాటిలైట్ పరికరం) పట్టుకుని తిరిగి పాయింట్లు తెచ్చారు. సివిల్ త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఆ పాయింట్లని త్రికోణాలుగా కలిపి సర్ఫేస్, అంటే నేల రూపం, చేశా. అర మీటరుకో కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత), రెండున్నర మీటర్లకో లావు గీత. మొదట గీతలన్నీ పగిలిన గాజుపెంకుల్లా వంకర్లు పోతే స్మూతింగ్ చివరిదాకా లాగేశా, ముగ్గేసినట్టు వచ్చాయి! చెరువు పూర్తి నీటిమట్టం 411 మీటర్లు, ఆ ఒక్క కాంటూరుకీ నీలంరంగు పెట్టి పెద్ద షీటు మీద ప్రింటు తీసి చూపిస్తే మా సారు "బాగుంది" అన్నారు. ఇన్నాళ్లలో నా డ్రాయింగుని ఎవరైనా బాగుందనడం ఇదే కదరా.

మర్నాడు చెరువు దగ్గర జీపు బానెట్ మీద షీటు పరిస్తే నీరటి, అదే చెరువు నీళ్లు వదిలే ఆయన, వచ్చాడు. డెబ్భై ఏళ్లుంటాయి. ఇది తూము, ఇది నీళ్లు పొర్లే మత్తడి అని చూపించా. "ఈ నీలి గీత నీళ్ల అంచా సారూ?" అన్నాడు. అవునన్నా. గోటికి సున్నం అంటిన వేలు దాని మీద పెట్టి, మత్తడి దగ్గర్నుంచి మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. కట్ట వెంటే వస్తున్న వేలు ఉన్నట్టుండి పక్కకు తిరిగి, కట్టలోంచి దూరి అవతలి పక్కకు వెళ్లిపోయింది. అవతల ఆయన మడి ఉంది. తలెత్తి, "కట్టెప్పుడు తెగింది సారూ?" అన్నాడు.

డ్రైవరు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నాకు చెమటలు పట్టాయి.

రాత్రి కూర్చుని త్రికోణాలు ఆన్ చేసి చూస్తే దొంగ దొరికాడు. నువ్వు బిల్డింగుల వాడివి, నీకు స్లాబంతా చదునే, అందుకని చెబుతున్నా. కట్ట మీద పది మీటర్లకో పాయింటు తీసిన మనవాళ్లు, సర్కారు తుమ్మ కమ్మేసిన చోట మాత్రం నలభై మీటర్లు ఎగ్గొట్టారు. కింద రెండు పక్కలా బాట ఉంది కాబట్టి కట్ట అడుగున మాత్రం శుభ్రంగా తీశారు. అడుగు నుంచి అడుగుకి 17 మీటర్లే. సాఫ్ట్‌వేర్‌కి కట్టా తెలీదు, చెరువూ తెలీదు. డెలోనే అనే లెక్కలాయన 1934లో చెప్పిన పద్ధతి ప్రకారం, మూడు పాయింట్ల మీదుగా గీసిన వృత్తంలో నాలుగోది పడకుండా త్రికోణాలు కడుతుంది, అంతే. దగ్గరున్నవి కనుక ఈ అడుగునీ ఆ అడుగునీ కలిపేసింది. కట్ట పైన 412.5, అడుగున 409. మధ్యలో మూడున్నర మీటర్ల గండి! సర్ఫేస్‌ని తిప్పి చూస్తే పన్ను ఊడిన దవడలా ఉంది. స్మూతింగ్ లేకపోతే ఆ వంకర నా కళ్లకే గుచ్చుకునేది, ముగ్గు మోజులో కప్పేసుకున్నా.

బ్రేక్‌లైన్ వెయ్యాలన్నమాట. కట్ట అంచుల మీది పాయింట్లను వరసగా కలిపి బ్రేక్‌లైన్‌గా ఇస్తే, ఏ త్రికోణమూ ఆ గీతని అడ్డంగా దాటదు. వేశా, క్షణంలో గండి పూడింది, గీతలు కట్ట వెంట బుద్ధిగా నిలబడ్డాయి. పంపేద్దామనుకున్నా. కానీ ఆ నలభై మీటర్లలో నేను గీసింది నా ఊహే కదా, ఒక పాయింటూ లేదు. ముసలాయన మొహం గుర్తొచ్చింది. సిగ్గేసింది కూడా, ఎందుకో... సరేలే.

మళ్లీ వెళ్లి కంప కొట్టించాం. ఏముందో తెలుసా? గొడ్లు దిగే దారి! కట్ట అక్కడ 412.1కి అరిగిపోయి ఉంది. నలభై సెంటీమీటర్లు తక్కువ. తెగలేదు గానీ, వాన గట్టిగా పడితే నీళ్లు ముందు ఎక్కేది అక్కడే. నా చక్కటి బ్రేక్‌లైన్ దాన్ని మింగేసేదిరా!

నీరటిని పిలిచి కొత్త షీటు చూపించా. ఈసారి వేలు పెట్టలేదు, కంప కొట్టిన చోటు చూసి "గొడ్లబాట నన్నడిగితే చెప్పేటోణ్ణి కదా" అని బీడీ ముట్టించాడు.

ఈ సంగతి లెక్కల సుబ్బిగాడికి మాత్రం చెప్పకు, మళ్లీ ఆ గొడుగు కథ ఎత్తుతాడు. నీ ఉద్యోగం మారే విషయం ఏమైంది, ఆ అమ్మాయి... ఇదిగో కరెంటు పోయింది, ల్యాపుటాపు నాలుగు శాతంలో ఉం